గెలాక్సీ ఫొటో కింద నాలుగు మాటలు రాయండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

కొద్ది వారాల కిందట మీ విజ్ఞాన పేజీలో ఒక సర్పిలాకార గెలాక్సీ ఫొటో పావు పేజీ మేర అచ్చయింది. ఒక ఔత్సాహికుడు సొంత టెలిస్కోపుతో తీసిన చిత్రమని మాత్రమే దాని కింద రాశారు. అది ఏ గెలాక్సీయో, ఎంతసేపు తీశారో, ఏ పరికరంతో తీశారో ఒక్క ముక్క లేదు. తరువాతి వారం ఇదే ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు దాని గురించి రాశారు. తానూ ఒకసారి టెలిస్కోపులోంచి గెలాక్సీని చూశానని, బూడిద రంగు మరక తప్ప మరేమీ కనబడలేదని, కాబట్టి పత్రికలో వచ్చిన, గెలాక్సీ నడిమి నుంచి సుడి తిరిగి సాగే ఆ నీలి భుజాలూ గులాబీ చుక్కలూ కంప్యూటరులో వేసిన రంగులే అయి ఉంటాయని ఆయన అభిప్రాయం. పన్నెండేళ్లుగా రాత్రిపూట గెలాక్సీల ఫొటోలు తీస్తున్నవాడిగా ఆయనకు జవాబు చెప్పాలని, దానితోపాటే మీకు ఒక విన్నపం చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పాఠకుడు చూసింది చూసినట్టే రాశారు. నేను మొదటిసారి కంటిని టెలిస్కోపుకు ఆనించి గెలాక్సీని వెతికినప్పుడు నాకు దొరికిందీ అలాంటి మరకే. మన కంటికి వెలుగును కూడబెట్టే గుణం లేదు. ఆ క్షణాన లోపలికి వచ్చిన వెలుగుతోనే మెదడు బొమ్మ కట్టుకుంటుంది. పది నిమిషాలు అదే పనిగా చూసినా, మొదటి నిమిషంలో కంట్లో పడిన వెలుగు పదో నిమిషానికి మిగిలి ఉండదు. పైగా చీకట్లో చూపునిచ్చే దండకణాలకు రంగు తెలియదు. రంగు తెలిసిన శంకుకణాలు అంత తక్కువ వెలుగులో పనిచేయవు. అందుకే టెలిస్కోపులో ఏ గెలాక్సీ అయినా మనకు బూడిద రంగులోనే కనబడుతుంది. కెమెరా సెన్సర్ సంగతి వేరు. దాని మీద పడిన కాంతి కణాల్లో చాలా భాగం లెక్కలోకి చేరుతుంది. మూత తెరిచి ఎంతసేపు ఉంచితే ఆ లెక్క అంత పెరుగుతూ పోతుంది.

మీరు అచ్చువేసిన చిత్రం, ఆకారాన్ని బట్టి చూస్తే, సుడిగుండం గెలాక్సీ అని పేరుపడిన ఎం 51. సప్తర్షి మండలపు తోక చివర ఉన్న మరీచి నక్షత్రానికి మూడున్నర డిగ్రీల దూరంలో ఉంటుంది. దాని నుంచి మనకు చేరుతున్న వెలుగు దాదాపు 3 కోట్ల ఏళ్ల కిందట బయలుదేరింది. ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు షార్ల్ మెస్సియే 1773 అక్టోబరు 13న దీన్ని మొదట చూసినప్పుడు ఆయనకూ ఒక మసక మరకే కనిపించింది. డెబ్బై ఏళ్లు గడిచాక, 1845లో, ఐర్లండులోని బర్ కోటలో లార్డ్ రాస్ 72 అంగుళాల లోహపు అద్దంతో, అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దదైన టెలిస్కోపుతో చూసి, అందులో సుడి తిరిగిన ఆకారం ఉందని మొదటిసారి గుర్తించి చేత్తో బొమ్మ గీశారు. మరో నలభై మూడేళ్లకు, 1888లో, ఐజాక్ రాబర్ట్స్ 20 అంగుళాల టెలిస్కోపుకు ఫొటో ప్లేటు బిగించి గంటల తరబడి ఆండ్రోమెడా గెలాక్సీ వైపు నిలిపి ఉంచారు. అంతవరకు ఏ కంటికీ స్పష్టంగా అందని ఆండ్రోమెడా సుడి ఆ ప్లేటు మీద తేలింది. రాబర్ట్స్ ఏ విశ్వవిద్యాలయ ఆచార్యుడూ కారు, కట్టడాల ఇంజినీరుగా, వ్యాపారిగా బతికిన మనిషి. ఔత్సాహికుడి టెలిస్కోపులో కంటికి కనిపించనిది ఫొటోలో ఎలా వస్తుందన్న ప్రశ్నకు నూట ముప్పై ఏళ్లకు ముందే ఒక ఔత్సాహికుడు జవాబిచ్చి పెట్టాడని పాఠక మిత్రుడికి చెప్పాలనిపించింది.

అయితే మూత తెరిచి ఉంచితే సరిపోదు, భూమి తిరుగుతూ ఉంటుంది. ఆకాశం సెకనుకు గరిష్ఠంగా 15 ఆర్క్‌సెకన్ల చొప్పున జరిగిపోతూ ఉంటుంది. ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు, అలాంటివి 60 కలిస్తే ఒక ఆర్క్‌నిమిషం. ఎం 51 ఆకాశంలో ఆక్రమించే పొడవు సుమారు 11 ఆర్క్‌నిమిషాలు, అంటే నిండు చందమామ వెడల్పులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. టెలిస్కోపును కదలకుండా నిలబెడితే నిమిషం గడిచేసరికి గెలాక్సీ ఇంచుమించు తన పొడవంత దూరం పక్కకు జరిగిపోతుంది. అందుకని టెలిస్కోపు కింద ఉండే మౌంట్ భూమి తిరిగే దిశకు ఎదురుగా, అదే వేగంతో, ఒక చుట్టుకు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్ల లెక్కన టెలిస్కోపును తిప్పుతూ ఉండాలి. దాని ఇరుసు ఆకాశ ధ్రువం వైపు సూటిగా ఉండాలి, ఆ పనిని మేము పోలార్ అలైన్‌మెంట్ అంటాము. అంతా సరిగ్గా చేసినా గేర్ల పళ్లలోని సూక్ష్మమైన తేడాల వల్ల మౌంట్ కాస్త ముందుకూ వెనక్కూ ఊగుతుంది. కాబట్టి పక్కన ఇంకో చిన్న కెమెరా ఒకే నక్షత్రాన్ని కాపలా కాస్తూ, రెండు మూడు సెకన్లకోసారి అది తన చోటు నుంచి ఎంత జరిగిందో కొలిచి మౌంట్‌ను సరిదిద్దుతూ ఉంటుంది. గాలి కాస్త విసిరినా, ఒక తీగ ఎక్కడైనా చిక్కుకుని లాగినా, గుండ్రంగా రావలసిన నక్షత్రాలు కోడిగుడ్ల ఆకారంలో వస్తాయి, ఆ ఫ్రేమును, అంటే ఆ ఒక్క ఫొటోను, పారేయాల్సిందే. కొత్తగా మొదలుపెట్టేవారు టెలిస్కోపు ఎంత పెద్దదని అడుగుతారు. నేనైతే మౌంట్ ఎంత గట్టిదని ముందు అడుగుతాను. బలమైన మౌంట్ మీద చిన్న టెలిస్కోపు చేసే పనిని బలహీనమైన మౌంట్ మీద పెద్ద టెలిస్కోపు చేయలేదు.

ఇప్పుడు ఒకే ఒక ఫ్రేమును దగ్గరగా చూద్దాం. నా టెలిస్కోపు అద్దం 200 మిల్లీమీటర్లది, నాభ్యంతరం 800 మిల్లీమీటర్లు. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 3.76 మైక్రాన్లు. ఈ రెండూ కలిపి లెక్కవేస్తే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో దాదాపు 1 ఆర్క్‌సెకనును చూస్తుంది. అంటే ఎం 51 ఆరు వేల పిక్సెళ్లకు పైగా వెడల్పున్న చిత్రంలో 660 పిక్సెళ్ల పొడవున ఎక్కడో మధ్యలో కూర్చుంటుంది. మూడు నిమిషాలు తీసిన ఫ్రేమును ఏ మార్పూ చేయకుండా తెర మీద తెరిస్తే నల్లటి పలక మీద కొన్ని తెల్లని చుక్కలు తప్ప ఏమీ ఉండవు. గెలాక్సీ నడిబొడ్డు మాత్రం సరిగా తుడవని వేలిముద్రలా లీలగా తెలుస్తుంది. పిక్సెళ్ల అంకెలు చదివితే సంగతి అర్థమవుతుంది. ఖాళీ ఆకాశం ఉన్న చోట ఒక రాత్రి నాకు సగటున 1,200 వచ్చింది, భుజం ఉన్న చోట 1,260. మనకు కావలసిన గెలాక్సీ అంతా ఆ 60లోనే ఉంది. పైగా ఏ రెండు పక్క పిక్సెళ్లను చూసినా ఇంచుమించు అంత తేడా ఊరికే కూడా ఉంటోంది. కాంతి కణాలు వాన చినుకుల్లా రాలతాయి. ఒకే నిమిషంలో పక్కపక్కన పెట్టిన రెండు గిన్నెల్లో సమానంగా పడవు. ఆ హెచ్చుతగ్గులే ఫొటోలో గరుకుగా, రవ్వరవ్వగా కనబడతాయి.

దీనికి విరుగుడు ఓపిక ఒక్కటే. అదే గెలాక్సీని మళ్లీ మళ్లీ తీసి, నక్షత్రాలను ఆనవాలుగా పెట్టుకుని ఫ్రేములన్నిటినీ ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చి సగటు కడితే, గెలాక్సీ ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట ఉంటుంది గనుక నిలబడుతుంది. హెచ్చుతగ్గులు ఒక ఫ్రేములో పైకీ మరొక ఫ్రేములో కిందికీ ఉంటాయి గనుక ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇది వర్గమూలం లెక్కన సాగుతుంది. నాలుగు ఫ్రేములకు చిత్రం రెండింతలు శుభ్రపడుతుంది, వంద ఫ్రేములకు పదింతలు. మూడు నిమిషాల ఫ్రేములు 200 తీస్తే పది గంటల వెలుగు పోగవుతుంది, శుభ్రత సుమారు పద్నాలుగింతలు పెరుగుతుంది. 60కి 60గా ఉన్న పోరులో గెలాక్సీ గెలిచేది అప్పుడే. సగటు కట్టేటప్పుడు మిగతా ఫ్రేములతో పొంతన లేని పిక్సెల్‌ను సాఫ్ట్‌వేరు పక్కన పెడుతుంది కాబట్టి, ఏదో ఒక ఫ్రేములో అడ్డంగా గీత గీసి పోయిన కృత్రిమ ఉపగ్రహం కూడా అక్కడితో తొలగిపోతుంది. ఈ పని చేసే సాఫ్ట్‌వేరుల్లో సిరిల్, డీప్ స్కై స్టాకర్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి.

వీటికి తోడు మేము డార్కులు, ఫ్లాట్లు అని మరికొన్ని ఫ్రేములు తీస్తాము. టెలిస్కోపుకు మూత పెట్టి, అదే ఉష్ణోగ్రతలో, అంతేసేపు తీసినది డార్కు. వెలుగు లేకపోయినా సెన్సర్ తనంతట తాను నమోదు చేసే అంకెలు అందులో పడతాయి, వాటిని అసలు ఫ్రేముల నుంచి తీసివేస్తాము. సమంగా వెలిగే పలకను టెలిస్కోపు ముందుంచి తీసినది ఫ్లాటు. సెన్సర్ ముందున్న గాజు మీద వాలిన ఒక్క దుమ్ము రేణువు నీడ చిత్రంలో మసక చక్రంలా పడుతుంది, మధ్యలో చిల్లు ఉన్న ఉంగరంలా ఉంటుంది. గెలాక్సీ భుజం మీద ఆ ఉంగరం పడితే అక్కడ నల్లని ధూళి మేఘం ఉందని ఎవరైనా పొరబడవచ్చు. ఫ్లాటుతో భాగిస్తే అది పోతుంది. పాఠకుడు అనుమానించిన ‘కంప్యూటరు పని’లో సగానికి పైగా ఇదే. లేనిదాన్ని కలపడం ఇందులో లేదు. పరికరం తెచ్చిపెట్టిన మచ్చలను కొలిచి తీసివేయడమే ఉంది.

ఇక రంగుల మాట. సెన్సర్ పిక్సెళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు ఉంటాయి, మన జేబులోని ఫోను కెమెరాలో ఉన్నట్టే. గెలాక్సీ నడిబొడ్డున వయసు మళ్లిన, కాస్త చల్లని నక్షత్రాలు ఎక్కువ కాబట్టి అక్కడ పసుపు వన్నె నమోదవుతుంది. భుజాల వెంట కొత్తగా పుట్టిన, బాగా వేడి గల నక్షత్రాలు ఉంటాయి కాబట్టి నీలం వస్తుంది. ఆ భుజాల మీద వేలాడే గులాబీ చుక్కలు హైడ్రోజన్ మేఘాలు. కొత్త నక్షత్రాల అతినీలలోహిత కాంతికి అయనీకరణం చెంది అవి 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రని వెలుగు విడుస్తాయి. ఆ వెలుగును మాత్రమే వదిలే వడపోత పెట్టి కొందరు విడిగా కొన్ని గంటలు తీసి కలుపుతారు. చివరకు మేము చేసేది స్ట్రెచ్ చేయడం. 1,200కూ 1,260కీ మధ్య ఇరుక్కున్న తేడాను కంటికి ఆనేంత వెడల్పుగా సాగదీయడం అన్నమాట. రంగుల గాఢతను కూడా పెంచుతాము, ఇది నేను దాచను. కానీ ఈ సాగదీత చిత్రమంతటికీ ఒకే నియమంతో జరుగుతుంది. ఏ పిక్సెల్ పక్క పిక్సెల్ కన్నా ప్రకాశంగా ఉందో సాగదీసిన తరువాత కూడా అదే ప్రకాశంగా ఉంటుంది. పసుపు ఉన్న చోట నీలం రాదు.

హద్దు దాటేది ఎక్కడో నాకు సొంత అనుభవం వల్ల తెలిసింది. మూడేళ్ల కిందట ఎం 51ను నాలుగు రాత్రులు తీసి, చిత్రాన్ని పదునుపెట్టడానికి, వేల చిత్రాలతో శిక్షణ పొందిందని చెప్పుకునే ఒక కొత్త సాఫ్ట్‌వేరును వాడాను. ఎం 51కీ దాని పక్కనున్న చిన్న గెలాక్సీ ఎన్‌జీసీ 5195కీ మధ్య వంతెనలా సాగే భుజం ఉంటుంది కదా, ఆ వంతెన మీద చక్కని సన్నని పోగులు తేలాయి. చూసినవారంతా మెచ్చుకున్నారు, నాకూ ఎంతో సంతోషం కలిగింది. రెండు రోజుల తరువాత, నిద్ర పట్టని ఒక రాత్రి, ఆ పోగుల వెడల్పు కొలిచాను. ఒక్కో పోగు ఒకటి, ఒకటిన్నర పిక్సెళ్లు ఉంది. ఆ నాలుగు రాత్రుల్లోనూ వాతావరణం కదలికల వల్ల నా ఫ్రేముల్లో నక్షత్రాలే మూడు పిక్సెళ్ల వెడల్పున పరుచుకుని ఉన్నాయి. బిందువు లాంటి నక్షత్రమే మూడు పిక్సెళ్లుగా నమోదైన చోట అంతకంటే సన్నని పోగు నమోదయ్యే వీలే లేదు. అసలు ఫ్రేముల సగటును తెరిచి అదే చోట చూశాను. అక్కడ నునుపైన వెలుగు ఉంది, పోగులు లేవు. హబుల్ టెలిస్కోపు 2005లో తీసిన ఎం 51 చిత్రంతో పోల్చాను. అందులో ఆ వంతెన మీద ధూళి చారలు ఉన్నాయి గాని, నా చిత్రంలోని పోగులు ఉన్న చోట, ఆ వంపులో ఉన్నవి కావు. సాఫ్ట్‌వేరు ఎక్కడో చూసిన చారలను తలచుకుని నా చిత్రంలో ఊహించి గీసింది. నేను ఆ చిత్రాన్ని ఎవరెవరికి పంపానో వారందరికీ జరిగింది రాసి వెనక్కు తీసుకున్నాను. నాలుగు రాత్రుల కష్టంలో నిజమైన భాగం చెడకుండా నా దగ్గరే ఉంది కాబట్టి మళ్లీ మొదటి నుంచి చేసుకున్నాను. అది మునుపటంత పదునుగా లేదు, కానీ అందులో ఉన్నదంతా ఆకాశం నుంచి వచ్చిందే.

సంపాదకులు ఈ తేడాను పట్టించుకోవాలని ఇంత పట్టుగా అడగడానికి అందం ఒక్కటే కారణమైతే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాడిని కాదు. ఔత్సాహికుల గెలాక్సీ చిత్రాలు చాలాసార్లు సాక్ష్యాలుగా పనికివచ్చాయి. అర్జెంటీనాలోని రొసారియో నగరంలో, తాళాల పని చేసుకునే విక్టర్ బూసో 2016 సెప్టెంబరు 20న తన ఇంటి మీద కట్టుకున్న పరిశీలనశాలలో కొత్త కెమెరాను పరీక్షించడానికి ఎన్‌జీసీ 613 అనే సర్పిలాకార గెలాక్సీని వరుసగా తీస్తున్నారు. మొదటి ఫ్రేముల్లో లేని ఒక చుక్క తరువాతి ఫ్రేముల్లో పుట్టి, నిమిషాల వ్యవధిలో ప్రకాశం పెంచుకుంటూ పోయింది. పేలుతున్న నక్షత్రపు తొలి వెలుగు అది. ఆ క్షణం కోసం వృత్తి శాస్త్రవేత్తలు ఎంతో కాలం ఎదురుచూశారు. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఆ ఫ్రేముల మీదనే నిలబడింది. మనం మాట్లాడుకుంటున్న ఎం 51లోనే 2011లో ఒక సూపర్‌నోవా, అంటే పేలిపోయే నక్షత్రం, వెలిగినప్పుడు దాన్ని ముందుగా పట్టుకున్నది ఔత్సాహికులే. 2023 మే 19న జపాన్‌కు చెందిన కోయిచి ఇతగాకి ఎం 101 గెలాక్సీలో సూపర్‌నోవాను కనుగొన్నాక, ఆ వార్త తెలియక ముందే అదే గెలాక్సీని తీసి ఉంచుకున్న ఔత్సాహికులు తమ పాత ఫ్రేములను తిరగేశారు. అలా దొరికిన చిత్రాల వల్లే ఆ నక్షత్రం ఏ వేళకు పేలిందో చాలా దగ్గరగా లెక్క కట్టడం వీలైంది. తేదీ, వేళ రాసి పెట్టుకోని ఫొటో ఎంత అందంగా ఉన్నా ఇలాంటి పనికి అక్కరకు రాదు.

ఆండ్రోమెడా ఉదాహరణ ఇంకా బాగా చెబుతుంది. ఆకాశంలో అంతగా ఫొటోలు తీసిన గెలాక్సీ మరొకటి లేదనవచ్చు. అలాంటి దాని పక్కనే, ఆక్సిజన్ విడిచే పచ్చని వెలుగులో, ఒక పెద్ద విల్లు లాంటి మేఘం ఉందని 2023 జనవరిలో ప్రకటించినవారు ఔత్సాహికులు. యాన్ సైంటీ, మార్సెల్ డ్రెక్స్‌లర్, గ్జావియే స్ట్రోట్నర్ వారిలో ముఖ్యులు. వాడిన టెలిస్కోపు కటకం వెడల్పు 106 మిల్లీమీటర్లు మాత్రమే, తీసిన మొత్తం సమయం వంద గంటలకు పైన. మొదట అది నిజమేనా, పరికరంలో వచ్చిన ప్రతిఫలనమా అన్న అనుమానం శాస్త్రవేత్తలకు సహజంగానే వచ్చింది. వేరే పరికరాలతో తీసిన చిత్రాల్లో కూడా అదే చోట అదే విల్లు కనబడిన తరువాతనే అది నిలబడింది. ఏ వడపోతతో, ఎన్ని గంటలు, ఏ దిక్కున తీశారో రాసి ఉండకపోతే ఇంకొకరు వెళ్లి సరిచూసుకునే దారే ఉండేది కాదు. మీ పాఠకుడి అనుమానం లాంటిదే ఆ శాస్త్రవేత్తల అనుమానం కూడా. అయితే వారి చేతిలో వివరాలు ఉన్నాయి, మీ పాఠకుడి చేతిలో లేవు.

వివరాల్లో ఆకాశం ఎలాంటిదన్నది కూడా రాయాలి, ఎందుకంటే గంటల లెక్కకు అది లేకుండా అర్థం ఉండదు. దీపాల వెలుగు నిండిన నగరం మీది ఆకాశం, నిజమైన చీకటి ఉన్న చోటి ఆకాశం కన్నా దాదాపు నలభై రెట్లు ప్రకాశంగా ఉండవచ్చు. అలాంటప్పుడు చీకటి చోట పావుగంటలో వచ్చే శుభ్రతకు నగరంలో పది గంటలు పడుతుంది. ప్రపంచం నలుమూలల నుంచి సామాన్య జనం కంటితో చూసి పంపిన 51,351 పరిశీలనలను విశ్లేషించి, 2011 నుంచి 2022 వరకు రాత్రి ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం చొప్పున పెరిగిందని 2023లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పన్నెండేళ్ల కిందట నేను తీసిన ఎం 51 ఫ్రేమునూ ఈ ఏడాది అదే చోటి నుంచి తీసిన ఫ్రేమునూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కలిగే దిగులు మాటల్లో చెప్పలేను.

కాబట్టి నా విన్నపం ఇది. ఇకపై మీరు ఏ గెలాక్సీ చిత్రం వేసినా దాని కింద మూడు పంక్తుల చోటు ఇవ్వండి. ఉదాహరణకు ఇలా ఉండవచ్చు: ‘ఎం 51, సుడిగుండం గెలాక్సీ. 200 మిల్లీమీటర్ల పరావర్తన టెలిస్కోపు, రంగుల కెమెరా. మూడు నిమిషాల ఫ్రేములు 200, మొత్తం 10 గంటలు, నాలుగు రాత్రులు. శివారు ఆకాశం. ఫ్రేములను సగటు కట్టి సాగదీసి, రంగుల గాఢత పెంచారు, చిత్రంలో లేనిదేదీ చేర్చలేదు.’ ఫొటో పంపేవారిని ఈ వివరాలు ముందే అడగండి. నిజంగా తీసినవారి దగ్గర ఇవన్నీ ఉంటాయి, అడిగితే సంతోషంగా రెండు పేజీలు రాసిస్తారు. వివరాలు ఇవ్వలేనివారి చిత్రాన్ని ఆపి ఉంచడంలో తప్పు లేదు. కంప్యూటరు మాటల వర్ణన నుంచి పుట్టించిన గెలాక్సీ బొమ్మలు ఈ మధ్య ఫొటోలతో కలిసిపోయి తిరుగుతున్నాయి. వాటిని విజ్ఞాన పేజీలో వేయవద్దని నా కోరిక. ఏ కారణంతోనైనా వేయాల్సి వస్తే అది ఊహాచిత్రమని పెద్ద అక్షరాల్లో రాయండి.

అంతరిక్ష సంస్థల చిత్రాలకు కూడా ఇదే పద్ధతి పాటిస్తే బాగుంటుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన ఎం 51 చిత్రం 2023 ఆగస్టులో విడుదలైంది. అది పరారుణ కాంతిలో తీసినది. కంటికి అసలే కనిపించని తరంగదైర్ఘ్యాలకు మనం చూడగలిగే రంగులను కేటాయించి దాన్ని తయారుచేశారు, ఆ సంగతిని వారు స్వయంగా చెబుతారు. పత్రికల్లోకి వచ్చేసరికి ఆ ఒక్క వాక్యమే రాలిపోతుంది. హబుల్ చిత్రంలో నీలంగా ఉన్న భుజం వెబ్ చిత్రంలో ఎర్రగా కనబడితే, పాఠకుడు రెండింటినీ నమ్మడం మానేయక ఏం చేస్తాడు?

ఈ ఉత్తరంతోపాటు రెండు చిత్రాలు జతపరుస్తున్నాను. మొదటిది ఏ మార్పూ చేయని మూడు నిమిషాల ఫ్రేము, అందులో గెలాక్సీని వెతుక్కోవాలి. రెండోది అలాంటివే 200 ఫ్రేములను సగటు కట్టి సాగదీసిన చిత్రం, నేను వెనక్కు తీసుకుని మళ్లీ చేసుకున్నది. వీలైతే రెండింటినీ పక్కపక్కన, ఒకే కొలతలో, పైన చెప్పిన వివరాలతో వేయండి. ఆ పాఠక మిత్రుడు కోరితే 200 ఫ్రేములూ, డార్కులూ, ఫ్లాట్లూ యథాతథంగా ఆయనకు పంపుతాను. ఉచిత సాఫ్ట్‌వేరుతో తన కంప్యూటరులోనే ఆయన వాటిని పేర్చి చూసుకోవచ్చు.

భవదీయుడు,
ఒక ఔత్సాహిక ఖగోళ ఛాయాగ్రాహకుడు